విశ్రాంతి తరగతి

ఓడకు 46 రోజులు

ప్రయాణాల డెస్కు గుమాస్తా రోజూ పని పుస్తకం రాయాలని రూలు. ఇరవై మూడేళ్లుగా రాస్తున్నాను. ఒక్కసారైనా ఎవరూ అడిగి చూసిన పాపాన పోలేదు. అందుకని నాకు తోచిందల్లా ఇందులోనే రాసేస్తుంటాను. నా పేరు బెహరా సోమేశం. కొత్త గరివిడి మంచుగనిలో ఏ ఉద్యోగి ఏ తరగతిలో ప్రయాణం చెయ్యాలో ఖరారు చేసేది నేనే.

పొద్దున్న గాలి వడపోత జల్లెడలు కడిగి ఆరబెట్టాను. నిజానికి నా వంతు కాదు. వంతుల పట్టీ రాసే మనిషికీ నాకూ పడదు, అదీ సంగతి. ఆ తర్వాత వచ్చే అంతరిక్ష ఓడకు అందిన పదకొండు ఫారాలు చూశాను. తొమ్మిది విశ్రాంతి తరగతి, రెండు మెలకువ తరగతి.

మెలకువ పడకలు మన కంపెనీకి ఓడకు రెండే ఇస్తారు. ఇక్కణ్ణుంచి అంగారకుడి మీదున్న ప్రధాన కార్యాలయానికి పద్నాలుగు నెలలు. మెలకువగా ఉన్న మనిషి ఆ పద్నాలుగు నెలలూ తింటాడు, తాగుతాడు, గాలి పీలుస్తాడు. విశ్రాంతి తరగతి వాడికి అవేమీ అక్కర్లేదు. చల్లటి పెట్టెలో పడుకుని ఉంటాడు, వయసు కూడా పెరగదు. అందుకని పన్నెండేళ్ల సేవాకాలం నిండినవాళ్లకే మెలకువ, మిగతావాళ్లకు పెట్టె. పడకలకు పోటీ వస్తే ఎవరి సేవాకాలం ఎక్కువైతే వాళ్లవి.

ఈసారి ఆ రెండింటిలో ఒకటి బదిలీ మీద వెళ్తున్న మేనేజరు వరహాలరావుగారిది, రెండోది నాది. ప్రధాన కార్యాలయం ప్రయాణాల రూల్సు తిరగరాస్తోందట, నన్ను రమ్మన్నారు. నేను ఇక్కడే పుట్టాను, ఇంతవరకు ఓడెక్కే అవసరం పడలేదు. ఇప్పటికి ఆరువందల పన్నెండు మందిని పెట్టెల్లోకి పంపాను. నేను మాత్రం ఎప్పుడూ పడుకోలేదు. చచ్చినా పడుకోను.

ఓడకు 44 రోజులు

పన్నెండో ఫారం వచ్చింది. మజ్జి ముత్యాలు, పంపుల మెకానిక్కు. ప్రధాన కార్యాలయంలో మంచినీటి పంపు పాడైంది. అది మూడో రకం పంపు, ఇప్పుడెవరూ తయారు చెయ్యరు. దాన్ని విప్పి బిగించడం తెలిసినవాళ్లు మొత్తం కంపెనీలో ఇద్దరే. రెండో ఆయన చేతులు వణుకుతున్నాయని పని మానేశాడు. అక్కడ నాలుగు వేల మందికి నీళ్లు కొలిచి పోస్తున్నారట. అందుకని ముత్యాలును పంపమని ఆర్డరు.

ఫారం ఆవిడే తెచ్చింది. చూడ్డానికి ముప్పై నాలుగేళ్ల మనిషి. ఒళ్లు కూడా ముప్పై నాలుగేళ్లదే. కంపెనీలో చేరి ముప్పై ఒక్క ఏళ్లయింది. అందులో ఇరవై ఒక్క ఏళ్లు పెట్టెల్లోనే గడిచింది. తొమ్మిదిసార్లు వెళ్లి వచ్చింది, మొత్తం పద్దెనిమిది నిద్రలు. పడుకున్న కాలాన్ని సేవాకాలంలో కలపరు కాబట్టి ఆవిడకు లెక్కకొచ్చేది పదేళ్లే. మెలకువ తరగతికి ఇంకా రెండేళ్లు తక్కువ. ఎక్కువసార్లు పంపినకొద్దీ ఆ పన్నెండు అందకుండా జరిగిపోతుంటుంది. ఇంతకుముందు కూడా ఈ లెక్క వేశాను గాని దాని గురించి ఆలోచించలేదు.

"తరగతి కాడ ఖాళీ వదిలీసాను. మీరు రాయండి," అంది.

"రాసేదేముంది, విశ్రాంతి తరగతే," అన్నాను.

"మెలకువ పడక దొరకదా సోమేశంగారూ?"

"పదేళ్లే కదమ్మా నీకు."

"మా హైమకి ముప్పై అయిదు నిండినాయి. నాను ఉద్యోగంలో చేరినప్పుడు దానికి నాలుగు," అంది. అక్కడే నిలబడింది. నేను విశ్రాంతి అని రాసి ముద్ర వేశాను. ఫారం నా చేతిలోంచి మెల్లగా తీసుకుని వెళ్లిపోయింది.

ఓడకు 40 రోజులు

ముత్యాలు కూతురు హైమ వచ్చింది. దీపాల కింద ఆకుకూరలు పెంచే గది ఆవిడది. ఈ ఊళ్లో మనం తినే తోటకూర, చుక్కకూర అన్నీ ఆవిడ చలవే. ఒక చుక్కకూర కట్ట డెస్కు మీద పెట్టింది. లంచమా అని అడిగాను.

"లంచమైతే రెండు కట్టలు తెద్దును," అంది.

తల్లికంటే కూతురు పెద్దదిగా కనిపిస్తుంది. ఈ ఏడు లెక్కలో కూడా తల్లి ఒంటి వయసును ఒక ఏడు దాటేసింది. క్యాంటీన్లో కొత్తవాళ్లు వాళ్లిద్దర్నీ అక్కాచెల్లెళ్లు అనుకుంటారు, హైమను అక్క అనుకుంటారు.

పెట్టెలో పడుకుంటే మరపు వస్తుందని అందరికీ తెలుసు. ఒక నిద్రకు ఒకటో రెండో జ్ఞాపకాలు పోతాయి. అందుకే పడుకునే ముందు పది ప్రశ్నలు, జవాబులు ఒక చీటీ మీద రాసి ఎవరి చేతికైనా ఇస్తారు. లేచాక వాళ్లు అడుగుతారు. దాన్ని చీటీ అడగడం అంటాం. ఏది పోయిందో తెలిస్తే మళ్లీ చెప్పించి నేర్చుకోవచ్చని. హైమ ఒక బియ్యం డబ్బా తెచ్చింది. అందులో తల్లి చీటీలు పద్దెనిమిది ఉన్నాయి. పోయిన జవాబుల పక్కన ఎర్ర గీత ఉంది. మొదటి చీటీలో చిన్నప్పటి స్నేహితురాలి పేరు, నాలుగోదాంట్లో ఈత, తొమ్మిదోదాంట్లో భర్త ముఖం. ఆయన పోయి చాలాకాలమైంది, ఇప్పుడు ఫొటో చూసి గుర్తుపడుతుందట.

"పోయినసారి మూడు పోయినాయండి. రెండు ఏవో పాటలు. మూడోది నాను," అంది హైమ.

నేను చుక్కకూర కట్ట విప్పి మళ్లీ కట్టాను.

"రెండ్రోజులు నన్ను మీరు అంది. 'మీరు ఎవరి తాలూకండీ, చాలా సాయం చేస్తన్నారు' అని అడిగీసింది. పిట్టమ్మా అని పిలిచే మనిసి. మూడో రోజు పంపుల గదికి తీసుకెళ్తే, అక్కడ కూకుని ఉండగా, ఉన్నట్టుండి 'ఏమే పిట్టమ్మా, అన్నం తిన్నావా' అంది. పంపులు మాత్రం ఒక్కటీ మర్చిపోదు. నన్ను మర్చిపోద్ది."

ఇంకో నిద్ర అయితే ఆ మూడో రోజు రాకపోవచ్చని హైమ భయం. తల్లి భయం కూడా అదే. వెళ్లనంటే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం లేనివాళ్లను ఇక్కడ ఉండనివ్వరు, తర్వాతి ఓడలో పంపించేస్తారు. ఆ పంపడం కూడా పెట్టెలోనే.

ఏమైనా చెయ్యగలరా అని అడిగింది. రూలు నేను పెట్టింది కాదమ్మా అన్నాను. మీరు పెట్టారని ఎవరన్నారు అంది. చుక్కకూర పప్పులో వేసుకున్నాను. బాగానే ఉంది గాని తినబుద్ధి కాలేదు.

ఓడకు 36 రోజులు

ప్రధాన కార్యాలయానికి మినహాయింపు కోరుతూ రాశాను. మంచి భాషలోనే రాశాను. ఈమెను పిలిపించేది ఈమె జ్ఞాపకం కోసం, దారిలో ఆ జ్ఞాపకమే పోతే పిలిపించి లాభమేమిటి అని అడిగాను. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. మినహాయింపు డాక్టరు సిఫార్సు మీద మాత్రమే ఇవ్వబడును అని.

డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. ఒక మనిషికి ఇరవై నిద్రల వరకు అనుమతి ఉందట. ముత్యాలుకు వెళ్లేటప్పుడు పంతొమ్మిదోది, వచ్చేటప్పుడు ఇరవయ్యోది. సరిగ్గా లెక్కకు సరిపోయింది. "నా చేతిలో ఉంటే రాయనా సోమేశంగారూ," అంది ఆవిడ. పాపం, ఆవిడనేం అంటాం. ఆ ఇరవై అనే అంకె పెట్టినవాడు ఒక్కసారైనా పడుకున్నాడో లేదో నాకు తెలుసుకోవాలని ఉంది.

వరహాలరావుగారిని కూడా కలిశాను. మనిషి చెడ్డవాడు కాదు. రూలుకు బయట ఒక్క అడుగు వెయ్యడు, నేనూ ఇన్నాళ్లూ అలాగే ఉన్నాను గనుక ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

"ఒకరికి ఇస్తే రేపు అందరూ అడుగుతారు. మీకు తెలియనిదేముంది," అన్నాడు.

తెలుసు. ఈ ముక్కే నేను కనీసం వందమందికి చెప్పి ఉంటాను.

ఓడకు 29 రోజులు

ఈరోజు వారపు విశ్రాంతి దినం. అయినా జల్లెడలు కడగడం నా పేరు మీదే వేశాడు వంతుల పట్టీవాడు. ఈసారి ఊరుకోదలచుకోలేదు. సెలవుల రూల్సు పుస్తకం తీసి, విశ్రాంతి దినాన పని చెప్పకూడదన్న వాక్యం వెతికి వాడి మొహాన పెడదామని కూర్చున్నాను. అది దొరికింది, పదహారో రూలు. దాని కింద పదిహేడో రూలు ఇలా ఉంది:

"విశ్రాంతి కాలమంతయు సేవాకాలముగనే పరిగణింపబడవలెను."

వారపు విశ్రాంతి దినం అని లేదు. విశ్రాంతి కాలం అనే ఉంది.

జల్లెడల సంగతి మర్చిపోయాను. చివరికి వాడే వచ్చి కడుక్కున్నాడు, గొణుక్కుంటూ.

ఓడకు 28 రోజులు

ఇక్కడ ఒక పాత సంగతి రాయాలి.

పదకొండేళ్ల కిందటి వరకు విశ్రాంతి తరగతికి ఆ పేరు లేదు. ప్రధాన కార్యాలయంలో ఎవరో నిఘంటువు ముందు పెట్టుకుని రూల్సును తెలుగు చేశారు. చాలాకాలం పడుకునే తరగతి కదా అని "దీర్ఘనిద్ర తరగతి" అని పెట్టారు. తెలుగులో దీర్ఘనిద్రలోకి వెళ్లారంటే ఏమిటో ఆ మహానుభావుడికి తెలియదు. ఓడల రేవులో బోర్డు రాశారు: దీర్ఘనిద్ర తరగతి వారు ఇటు రావలెను. ఆ రోజు ఒక ముసలమ్మ ఆ బోర్డు చదివి, కొడుకు చొక్కా పట్టుకుని, నా బిడ్డను అప్పుడే చంపేశారా అని ఏడ్చింది. చూసి ఇంకో నలుగురు ఏడ్చారు. ఓడ మూడు గంటలు ఆలస్యం.

నేనే కూర్చుని సర్క్యులర్ రాశాను. "ఇకమీదట కంపెనీ పత్రములన్నింటిలో దీర్ఘనిద్ర అని ఉన్నచోటనెల్ల విశ్రాంతి అని చదువుకొనవలెను." ప్రధాన కార్యాలయం ఆమోదించి, భాషాసేవకు నాకొక ప్రశంసాపత్రం పంపింది. అది ఇప్పటికీ నా మంచం పైన వేలాడుతోంది. ఏడుపులు ఆగాయి. జనం నవ్వుతూ పెట్టెల్లోకి వెళ్లడం మొదలుపెట్టారు. ఆ ఒక్క మాటతో మంచి పని చేశాననే ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఈరోజు ఆ సర్క్యులర్ తీసి ప్రయాణాల రూల్సు పక్కన పెట్టుకుని చదివాను. తొమ్మిదో రూలు ఒకప్పుడు "దీర్ఘనిద్రలో గడిపిన కాలము సేవాకాలము కాదు" అని ఉండేది. నా సర్క్యులర్ ప్రకారం చదివితే "విశ్రాంతిలో గడిపిన కాలము సేవాకాలము కాదు" అవుతుంది. సెలవుల పదిహేడో రూలు మాత్రం విశ్రాంతి కాలమంతా సేవాకాలమే అంటోంది. రెండూ ఒకే కంపెనీ రూల్సు, రెండింటి మీదా ఒకే ముద్ర. ఒకటి నిజమైతే రెండోది నిజం కాదు.

విశ్రాంతి సేవాకాలమే అయితే ముత్యాలుకు పది కాదు, ముప్పై ఒక్క ఏళ్లు. అప్పుడు కొత్త గరివిడిలో అందరికంటే పెద్ద ఆవిడే.

ఓడకు 26 రోజులు

వరహాలరావుగారి గదిలో రెండు పుస్తకాలూ, సర్క్యులరూ బల్ల మీద పరిచాను. చదివాడు. మళ్లీ చదివాడు.

"ఇది మాటల గారడీ సోమేశంగారూ. ప్రయాణాలకు సంబంధించినంత వరకు తొమ్మిదో రూలే చెల్లుతుంది. విశ్రాంతి సేవాకాలం కాదు. అంతే."

"అలాగేనండి. అయితే వారపు విశ్రాంతి దినాలు కూడా కాదు," అన్నాను.

"అంటే?"

"వారానికి ఒక రోజు. ఏడింట ఒక వంతు అందరి సేవాకాలంలోంచీ తీసెయ్యాలి. తమరిది పదమూడేళ్లు. తీసేస్తే పదకొండేళ్ల రెండు నెలలు కూడా ఉండదు. మెలకువకు పన్నెండు కావాలి. తమకు విశ్రాంతి తరగతి రాయాల్సి ఉంటుంది."

ఆయన కాసేపు నా మొహం చూశాడు. ఎగతాళి చేస్తున్నాననుకున్నాడేమో. లెక్క కాగితం ముందుకు జరిపాను.

"సరే, విశ్రాంతి సేవాకాలమే అనుకుందాం," అన్నాడు చివరికి. "అప్పుడు?"

"అప్పుడు ముత్యాలుకు ముప్పై ఒకటి, నాకు ఇరవై మూడు, తమకు పదమూడు. పడకలు రెండు."

"అప్పుడూ నేనే పోతానన్నమాట."

"అవునండి."

"ఎటు చదివినా నన్నే పెట్టెలో పెడుతున్నారు మీరు."

రెండు రోజులు గడువు అడిగాడు. గది బయటికి వచ్చాక నాకు మహా సంతోషం వేసింది. ఇరవై మూడేళ్లలో రూల్సుతో ఒక మేనేజరును ఇలా గోడకు ఆనించింది ఇదే మొదటిసారి. ఆ సంతోషం క్యాంటీన్ దాకా కూడా నిలవలేదు. ఆయన సంతకం పెట్టకపోతే ఇదంతా ఉత్త కాగితం. తన పడక పోగొట్టుకోవడానికి ఆయనెందుకు సంతకం పెడతాడు? మూడో దారి ఒకటి చూపించాలి.

ఆ మూడో దారి ఏమిటో నాకు అర్థం కావడానికి టీ చల్లారేంత సేపు పట్టింది. చల్లారిన టీయే తాగాను.

ఓడకు 25 రోజులు

నాకు భయం. ఇది రాయడానికి సిగ్గేమీ లేదు, ఎలాగూ ఎవరూ చదవరు. ఆరువందల పన్నెండు మందికి "ఏమీ తెలియదు బాబూ, కళ్లు మూసి తెరిచేసరికి వెళ్లిపోతారు" అని చెప్పాను. నాకేం తెలుసని చెప్పాను? పెట్టె మూత పడేటప్పుడు లోపలివాళ్లు ఎటు చూస్తారో నేను చూశాను. అందరూ మూత వైపే చూస్తారు.

పొద్దున్నంతా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నాది ఇరవై మూడేళ్ల సేవ, హక్కుగా వచ్చిన పడక, ముత్యాలు నాకు చుట్టమా పక్కమా అని. మధ్యాహ్నం క్యాంటీన్లో తల్లీకూతుళ్లు కనిపించారు. ముత్యాలు కొత్త చీటీ రాస్తోంది. హైమ పక్కనే కూర్చుంది. పది ప్రశ్నల చీటీలో మొదటి నాలుగింటికీ ఒకటే జవాబు రాసింది: పిట్టమ్మ. నీ కూతురి పేరేమిటి, నువ్వు ఏమని పిలుస్తావు, కూరల గదిలో ఉండేదెవరు, నీకు అన్నం పెట్టేదెవరు. ఎటునుంచి అడిగినా ఒక్కటన్నా తగలకపోతుందా అని కాబోలు.

ఆ తర్వాత నేనేమీ ఆలోచించలేదు. నేరుగా మేనేజరు గదికి వెళ్లి నా మెలకువ పడక వదులుకుంటున్నానని రాసిచ్చాను.

"మీకేమైనా పిచ్చా?" అన్నాడు వరహాలరావుగారు.

"ఉండొచ్చండి. తమ పడక తమకు ఉంటుంది. విశ్రాంతి సేవాకాలమేనని సంతకం పెట్టండి చాలు."

ఆయన వెంటనే పెట్టలేదు. కలం పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత, "నా తల్లి చీటీ నేనే అడిగాను, చిన్నప్పుడు," అన్నాడు. సంతకం పెట్టాడు.

ఓడకు 24 రోజులు

ముత్యాలు ఫారం మీద విశ్రాంతి కొట్టేసి మెలకువ అని రాశాను. నా ఫారం మీద మెలకువ కొట్టేసి విశ్రాంతి అని రాశాను. రెండింటికీ ముద్ర వేశాను. ముద్ర అదే, చెయ్యి అదే.

ముత్యాలు వచ్చి డెస్కు ముందు నిలబడింది. కొట్టివేత చూసింది.

"ఏటి చేసీసారండీ," అంది.

"రూలు చదివానమ్మా. అంతే. సరిగ్గా చదివితే నీకే వస్తుంది."

"మీకు పెట్టె అంటే భయం గదా. ఊరంతటికీ తెల్సు."

ఊరంతటికీ తెలుసని నాకు తెలియదు. కోపం వచ్చింది. భయం లేదు ఏమీ లేదు, పని చూసుకో అన్నాను. ఆవిడ నవ్వింది, ఏడ్చింది కూడా. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముద్ర తీసి తుడుస్తూ కూర్చున్నాను.

ఓడకు 9 రోజులు

చీటీ రాయడం నాకు రాలేదు. హైమ వచ్చి కూర్చుంది. నేను మొదట ఎనిమిది ప్రశ్నలూ రూల్సు మీదే రాశాను.

"రూల్సు పుస్తకంలో ఉంటాయి గదండీ. మనుసుల్ని రాయండి," అంది.

కొట్టేసి మళ్లీ రాశాను. అమ్మ పేరు. నాన్న చేసిన పని. నేను పుట్టిన గది నంబరు. నా మంచం పైన గోడకు ఏం వేలాడుతోంది. చుక్కకూర పప్పు ఎవరింటిది బాగుంటుంది. ఇలా తొమ్మిది అయ్యాయి. పదోది హైమ వద్దన్నా రాశాను: దీర్ఘనిద్ర అనే మాటను ఎందుకు మార్చావు? నా జీవితంలో నేను చేసిన పెద్ద పని అదొక్కటే. మంచో చెడో.

చీటీ ముత్యాలు చేతికి ఇచ్చాను. దారి పొడుగునా మెలకువగా ఉండే మనిషి, లేచాక అడిగేది ఆవిడే.

ఓడ రోజు

జల్లెడలు కడిగాను. నా వంతే. డెస్కు తాళం కొత్త గుమాస్తాకు ఇచ్చాను. ఈ పుస్తకం నాతో తీసుకుపోతున్నాను.

రేవులో హైమ తల్లి చెయ్యి పట్టుకుని నిలబడింది. ఇంతకుముందు తొమ్మిదిసార్లూ పెట్టె దాకా వచ్చి ఆగేదట, ఈసారి మెలకువ గది గుమ్మం దాకా వెళ్లింది. ప్రతి విశ్రాంతి దినం కబురు పంపమని తల్లికి పదిసార్లు చెప్పింది. తర్వాత నా దగ్గరకు వచ్చి, "మూత కేసి చూడకండి. పక్కకి చూడండి, మాయమ్మ అక్కడుంటాది," అంది.

మూత వైపే చూస్తానని నాకు తెలుసు. అయినా పక్కకు చూడ్డానికి ప్రయత్నిస్తాను.

లేచిన రోజు

కళ్లు మూసి తెరిచినట్టే ఉంది. అందరికీ నేను చెప్పింది అబద్ధం కాదన్నమాట.

ముత్యాలు పక్కన కూర్చుంది. గుర్తుపట్టాను. చెవి పైన ఒక తెల్ల వెంట్రుక ఉంది. నేను చూడ్డం చూసి, "మొదటిది. హైమకి ఫొటో పంపీసాను," అంది గొప్పగా.

చీటీ అడిగింది. అమ్మ పేరు చెప్పాను. నాన్న పని చెప్పాను. గది నంబరు చెప్పాను. గోడకు ప్రశంసాపత్రం అన్నాను. చుక్కకూర పప్పుకు మీ హైమే అన్నాను. తొమ్మిదీ వచ్చాయి. తొమ్మిదింటి తర్వాత ఆవిడ ఆగింది.

"అడుగమ్మా."

"దీర్ఘనిద్ర అనే మాట ఎందుకు మార్చారండి?"

ఆలోచించాను. మంచి మాటే కదా, అర్థం తెలుస్తూనే ఉంది, చాలాసేపు నిద్ర. ఎందుకు మార్చాలి? ఎవరు మార్చారు? అదే అడిగాను.

ముత్యాలు చీటీ మడిచి చీర కొంగున కట్టుకుంది. ఎర్ర కలం దగ్గరే ఉంది, గీత మాత్రం పెట్టలేదు.

మూడో రోజు

పంపు బాగుపడిందట. ముత్యాలు పంపు గొట్టం మీద అరచెయ్యి పెట్టి, విని, ఎక్కడ విప్పాలో చెప్పిందని ఇక్కడివాళ్లు కథలు చెప్పుకుంటున్నారు. నాలుగు వేల మందికీ నిండా నీళ్లు వస్తున్నాయి.

నేను కొత్త రూల్సుకు చిత్తుప్రతి రాశాను. మొదటి పేజీలోనే తరగతుల పేర్లు ఖరారు చెయ్యాలి. విశ్రాంతి అనేది తప్పుదారి పట్టించే మాట, వారపు సెలవుకూ దీనికీ తేడా తెలియడం లేదు. అందుకని కొట్టేసి, స్పష్టంగా, అందంగా "దీర్ఘనిద్ర తరగతి" అని రాశాను. ముత్యాలుకు చూపించాను, బాగుంది అంటుందని.

ఆవిడ చదివి చిత్తుప్రతి పక్కన పెట్టింది. తర్వాత ఈ పని పుస్తకం అడిగి తీసుకుంది. పేజీలు తిప్పి, ఓడకు 28 రోజులు అన్నచోట వేలు పెట్టి నా ముందు ఉంచింది.

చదివాను. రేవులో బోర్డు, ముసలమ్మ, కొడుకు చొక్కా, నలుగురి ఏడుపు. అక్షరాలు నావే. ఇంకెవరికో జరిగినదానిలా ఉంది. మళ్లీ చదివాను. ఏమీ రాలేదు.

"అంటే, దీర్ఘనిద్ర అంటే చావా?" అని అడిగాను.

"అవునండి. తెలుగువాళ్లందరికీ తెల్సు," అంది మెల్లగా. "మీరే మాకు చెప్పారు."

నమ్మాను. గుర్తు రాలేదు గాని నమ్మాను. తెలుగు మీద నాకున్న ధీమాకు బాగానే శాస్తి అయింది.

సమావేశం రోజు

చిత్తుప్రతిలో "దీర్ఘనిద్ర" కొట్టేశాను. "విశ్రాంతి" కూడా పెట్టలేదు. ఉత్త "నిద్ర" అని రాశాను. తొమ్మిదో రూలు: నిద్రలో గడిచిన కాలం సేవాకాలమే. పదో రూలు: ఒకసారి తనవాళ్లను మరిచి లేచిన మనిషిని మళ్లీ నిద్ర తరగతిలో పంపకూడదు. అందమైన మాట ఒక్కటి కూడా వెయ్యలేదు. పెద్దలు గంటన్నర వాదించారు. చివర్లో ఎవరో, మీకింత పట్టుదల ఎందుకు అని అడిగారు. మా ఊళ్లో ఈ తరగతికి అందమైన పేరు పెట్టింది నేనేనట, అందుకే అన్నాను. తొమ్మిదో రూలు ఒప్పుకున్నారు. పదోదాని మీద ఇంకా ఆలోచిస్తారట. వచ్చే ఓడ లోపు ఒప్పించకపోతే నా పేరు సోమేశం కాదు.

బయటికి వచ్చేసరికి ముత్యాలు హైమతో మాట్లాడి వస్తోంది. మాట అవతలికి వెళ్లి జవాబు తిరిగి రావడానికి గంట దాటుతుంది, అయినా ఇద్దరూ ఓపిగ్గా కూర్చుంటారు. పద్నాలుగు నెలల్లో ఒక్క వారం కూడా మానలేదు.

"ఏమంటోంది హైమ?" అన్నాను.

"దానికీ తెల్ల ఎంట్రుకలు వచ్చీసాయట, నాకంటే ఎక్కువట. ఎన్నెన్ని ఉన్నాయో చూపించింది," అంది. తర్వాత నడుస్తూ, "ముప్పై ఏళ్లలో ఇదే మొదటిసారండి సోమేశంగారూ. నాను లేకుండా అదొక్కత్తే పెద్దదవలేదు. ఇద్దరికీ కలిసే ఒక ఏడు వచ్చింది," అంది.

తిరుగు ప్రయాణం ఫారాలు నింపాను. వరహాలరావుగారు ఇక్కడే ఉండిపోతున్నారు గనుక రెండు పడకలూ ఖాళీ. మజ్జి ముత్యాలు, మెలకువ. బెహరా సోమేశం, మెలకువ. దారిలో రోజూ పదో ప్రశ్న అడుగుతానంది ముత్యాలు. జవాబు ఓడకు 28 రోజులు అన్న పేజీలో ఉంది, చదివి చెబుతాను. చదివి చెప్పడం గుర్తుండటం ఒకటి కాదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అడగమన్నాను.